మానుకా కోవ్‌లో దొరికిన వినాయకుడు

ఫోన్ మోగేసరికి విఠల్ పాపటోయిటోయిలోని వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ దిగి టీ తాగుతున్నాడు. నవంబరు నెల, శనివారం, ఉదయం పది దాటింది. తెలియని నంబరు.

"విఠల్ అంటే మీరేనా?" అని ఒక ముసలావిడ గొంతు ఇంగ్లీషులో అడిగింది. "నా పేరు నోలీన్. మానుకా కోవ్ బీచ్ నుంచి మాట్లాడుతున్నాను. మీ దేవుడు మాకు దొరికాడు."

విఠల్‌కి మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక టీ కప్పు పక్కన పెట్టేశాడు.

నిర్మల్ నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చి, చదువు అయ్యాక అదే వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్‌గా సెటిలైన మనిషి విఠల్. అరవై కుటుంబాలున్న పాపకూర తెలుగు సంఘానికి సెక్రటరీ. ఆ ఏడాది, అంటే రెండువేల పదిహేనులో, వినాయకచవితికి నాలుగున్నర అడుగుల విగ్రహం తెప్పిద్దామన్నది అతని ఆలోచనే. మట్టి, గడ్డి అంటే ఈ దేశం పోర్టులో దిగనివ్వరు కాబట్టి ప్లాస్టర్ విగ్రహం వచ్చింది. పదకొండో రోజున పదిహేను కార్లలో ఊరేగింపుగా వెళ్ళి మానుకా కోవ్‌లో నడుము లోతు నీళ్ళలో నిమజ్జనం చేశారు. ఎవరినైనా అనుమతి అడగాలని ఎవరికీ తోచలేదు. కరిగిపోతుందిలే అనుకున్నారు. ఫోటోలు దిగి, పులిహోర తిని, ఇళ్ళకొచ్చేశారు.

"నిన్నటి తుఫానుకి ఒడ్డుకొచ్చినట్టున్నాడు," నోలీన్ చెబుతోంది. "చాలా ముక్కలున్నాయి. కింద చెక్క మీద మీ పేరు, నంబరు ఉన్నాయి."

ఉన్నాయి మరి. పూజకి అద్దెకు తీసుకున్న హాల్లో ఎవరి సామాను ఎవరిదో తెలియాలని మార్కర్‌తో విఠలే రాశాడు.

"సారీ అండీ. చాలా సారీ. మీరు కౌన్సిల్ వాళ్ళా?"

"కాదు కాదు. మాది నేచరిస్ట్ క్లబ్. ఈరోజు మా బీచ్ క్లీనప్. నేచరిస్ట్ అంటే ఏమిటో తెలుసా మీకు?"

"తెలుసు. ప్రకృతి అంటే ఇష్టపడేవాళ్ళు."

అటు పక్క ఆవిడ హాయిగా నవ్వింది. "అది కూడా నిజమే. కానీ మేము బట్టలు లేకుండా ఉంటాం, విఠల్. బీచ్‌కి ఉత్తరం కొస మాది. మీకు ఇబ్బందైతే బట్టలేసుకుని కార్ పార్క్‌లో కలుస్తాం. కానీ మీరు రావాలి. చెత్త సంచిలో వెయ్యడానికి మాలో ఎవరికీ చేతులు రాలేదు. ఏం చెయ్యాలో మీరే చెప్పాలి."

విఠల్ వెంటనే సంఘం ప్రెసిడెంట్ జనార్ధనరావుకి ఫోన్ చేశాడు. తెనాలి ఆయన. ఐటీలో పెద్ద ఉద్యోగం, మాటంటే మాటే.

"ఏవయ్యా విఠల్, నీకేమైనా మతిపోయిందా?" అన్నాడాయన అంతా విని. "గుడ్డలు కట్టుకోని వాళ్ళ మధ్యకెళ్ళి దేవుణ్ణి తెచ్చుకుంటావా? ఎవడో ఒకడు ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెడితే మన సంఘం పరువేం కాను? సారీ చెప్పి, బిన్‌లో వేసెయ్యమను. అయిపోతుంది."

"వాళ్ళకే చేతులు రాలేదంటున్నరు సార్. మనం ఎట్ల చెప్తం బిన్‌లో వెయ్యమని?"

జనార్ధనరావు ఇంకేదో అన్నాడు గానీ విఠల్‌కి చేతులు రాలేదన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. మిగతా షిఫ్టు ఇంకొకరికి అప్పజెప్పి పాపకూర ఇంటికొచ్చాడు.

అతను అద్దెకుండేది వేదవతి ఆంటీ వాళ్ళ కూతురి ఇంటి వెనక ఉన్న చిన్న ఫ్లాట్‌లో. ఆంటీది నంద్యాల. వయసు అరవై ఎనిమిది. కూతురూ అల్లుడూ డ్యూటీలకెళితే మనవడి స్కూలు, వంట, పూజ ఆవిడవే. చవితి పది రోజులూ హాల్లో పూజ చేయించింది కూడా ఆవిడే. విరిగిన విగ్రహాన్ని ఏం చెయ్యాలో తెలిసిన మనిషి ఆవిడ తప్ప విఠల్‌కి ఎవరూ కనిపించలేదు.

"ఆంటీ, మన వినాయకుడు బీచ్‌లో ముక్కలై తేలిండంట. ఎవరో క్లీన్ చేసేటోళ్ళకి దొరికిండు. మీరొకసారి రావాలె."

ఆవిడ ఇంకో మాట అడగలేదు. ఒక పాత పట్టుచీర, పసుపు డబ్బా సంచిలో పెట్టుకుని కారెక్కింది.

యాభై నిమిషాల దారి. అసలు విషయం ఎలా చెప్పాలా అని విఠల్ మొదటి అరగంటా నలిగిపోయాడు. గొర్రెల పొలాలు దాటి సముద్రం కనబడేసరికి ఇక తప్పలేదు.

"ఆంటీ, ఒక మాట చెప్పాలె. వాళ్ళు... వాళ్ళు బట్టలు వేసుకోరు."

"ఎవరు నాయనా?"

"ఆ క్లీన్ చేసేటోళ్ళు. ఆడా మగా అందరు. అదొక క్లబ్. చెడ్డోళ్ళు కాదు. మీరు కారులనే కూసోండి, నేను పోయి తెస్త."

వేదవతి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కార్ పార్క్‌లో బండి ఆగాక, సంచి భుజానికి తగిలించుకుని, తనే ముందు దిగింది.

"దేవుడు అక్కడుంటే నేను కారులో కూర్చోని ఏం జేసేది?" అంది.

కత్తుల్లాంటి పొడుగాటి ఆకుల ఫ్లాక్స్ పొదల మధ్య నుంచి చెక్క మెట్లు కిందికి దిగుతాయి. సగం మెట్ల దగ్గర ఇద్దరూ ఆగారు. పోటు తగ్గి సముద్రం చాలా వెనక్కి వెళ్ళిపోయింది. తడి ఇసుక ఆకాశాన్ని పట్టుకుని మెరుస్తోంది. ఆ మెరుపు మీద ముప్పై నలభై మంది ఒక వరసలో వంగి లేస్తూ, వంగి లేస్తూ మెల్లగా ముందుకు కదులుతున్నారు. అంత దూరం నుంచి వరి నాట్లు వేస్తున్న కూలీల్లా ఉన్నారు. అలల చప్పుడు, మధ్యమధ్యన సంచిలో ఏదో పడ్డ చప్పుడు, అంతే.

దగ్గరికెళ్ళేకొద్దీ తెలిసింది. తలకి టోపీలు, చేతులకి గ్లోవ్స్, కాళ్ళకి బూట్లు, ముక్కుల మీద తెల్లగా సన్‌స్క్రీన్. అంతకు మించి ఒంటి మీద ఏమీ లేవు. అందరూ యాభై దాటినవాళ్ళే. వేలాడే పొట్టలు, ముడతలు, ఆపరేషన్ కుట్లు, ఎండకి కందిన వీపులు. విఠల్ తల దించుకుని తన బూట్ల వంకే చూస్తూ నడిచాడు. వాళ్ళు మాత్రం తలెత్తి, చెయ్యి ఊపి, మళ్ళీ పనిలో పడ్డారు.

వాళ్ళ మధ్య మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు, రెయిన్‌కోటు వేసుకున్న రైతు ఒకాయన ఉన్నాడు. నాలుగు చక్రాల క్వాడ్ బైక్‌కి ట్రెయిలర్ తగిలించి సంచులు ఎక్కిస్తున్నాడు. దక్షిణం వైపు మామూలు బట్టల్లో రెండు మూడు కుటుంబాలు కూడా చెత్త ఏరుతున్నాయి.

నోలీన్ ఎదురొచ్చింది. డెబ్భై ఏళ్ళుంటాయి. తెల్లటి పొట్టి జుట్టు. ఎడమ వైపు రొమ్ము లేదు, దాని చోట చంక దాకా నున్నటి గీత. విఠల్ గబుక్కున చూపు తిప్పేసుకున్నాడు. వేదవతి తిప్పుకోలేదు.

"వచ్చినందుకు థాంక్స్," అంది నోలీన్. "రండి."

పొడి ఇసుక మీద తెల్లటి దుప్పటి పరిచి ఉంది. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. దాని మీద వినాయకుడు పడుకుని ఉన్నాడు.

ఏ ముక్క ఎక్కడిదో వెతికి ఎక్కడిది అక్కడ పెట్టారు. అభయహస్తం, లడ్డు పట్టుకున్న చెయ్యి, మడిచిన కాలు, బొజ్జ రెండు చెక్కలు, వేలెడంత ఎలుక. ఎనభై మూడు ముక్కలట. ఏనుగు దేవుడని తప్ప వాళ్ళకేమీ తెలియదు. ఫోన్‌లో బొమ్మలు చూసుకుంటూ, పొద్దున ఎనిమిదింటి నుంచి చెయ్యి ఎటు, కాలు ఎటు అని పేర్చుకుంటూ వచ్చారు. చిన్న చిన్న చెదురు ముక్కల్ని కూడా పారెయ్యకుండా ఒక గిన్నెలో పోశారు.

దుప్పటి పక్కన తమాటి అనే పెద్దాయన కాపలా కూర్చుని ఉన్నాడు. ఈ నేల మూలవాసులైన మావోరీల మనిషి, రిటైరైన బస్ డ్రైవర్, కొండంత ఒళ్ళు. ఆయనకీ బట్టల్లేవు.

"దీన్ని ఎవరూ దాటొద్దని, దీని దగ్గర తిండి తినొద్దని చెప్పాను," అన్నాడు. "మా వాళ్ళలో పవిత్రమైనవాటికి అదే పద్ధతి. మీ పద్ధతి నాకు తెలియదు. తప్పేమైనా చేశామా?"

విఠల్ తెలుగులోకి మార్చి చెప్పాడు. వేదవతి చెప్పులు విడిచి, దుప్పటి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"తప్పు జేసింది మేము, వాళ్ళు కాదు. చెప్పు నాయనా," అంది. అతను చెప్పాడు.

"కానీ ముఖం లేదు," అంది నోలీన్. "అక్కడుంది."

ఆవిడ చూపించిన వైపు, నీళ్ళలో కాస్త లోపలికి నల్లటి రాళ్ళ గుట్ట ఉంది. రెండు రాళ్ళ సందులో, కెరటం వెనక్కి పోయినప్పుడల్లా తెల్లగా ఏదో కనిపించి మళ్ళీ మునుగుతోంది. లోపలి ఇనప కడ్డీ రాళ్ళలో ఇరుక్కుపోయిందట. ఒకటిన్నరకి పోటు పూర్తిగా తగ్గుతుంది, ఆ తర్వాత అరగంటే టైము, ఆపైన నీళ్ళు కమ్మేస్తాయి. వాళ్ళు ఎదురుచూస్తున్నది దానికే.

ఆ అరగంటని విఠల్ తర్వాత చాలామందికి చెప్పడానికి ప్రయత్నించాడు. ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాడు.

నోలీన్ చెయ్యెత్తగానే సంచులు వదిలేసి అందరూ వచ్చారు. ఒడ్డు నుంచి రాళ్ళ దాకా ఒకరి పక్కన ఒకరు వరసగా నిలబడ్డారు. పిక్కల లోతు నుంచి ఛాతీ లోతు దాకా. ఆ నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లన. రైతు కూడా గమ్‌బూట్లతోనే దిగి గునపం అందించాడు. విఠల్ జీన్స్‌తోనే దిగబోతే తమాటి ఆపాడు. "తడిస్తే బరువెక్కి నిన్నే లాగేస్తుంది, బ్రో."

విఠల్ చొక్కా, జీన్స్ తీసి ఇసుక మీద పెట్టి, లోపలి షార్ట్స్‌తో తమాటి వెనకే చివరిదాకా వెళ్ళాడు. అంతమందిలో ఒంటి మీద గుడ్డ ఉన్నందుకు తనే ఎబ్బెట్టుగా ఉన్నానేమో అనిపించింది. ఆ ఆలోచన కూడా ఎంతోసేపు లేదు. ఒక కెరటం వచ్చి మొహం మీద కొట్టింది, కాలు జారింది. వెనక నుంచి ఎవరో ముసలాయన చెయ్యి అతని మోచేతిని ఉడుంపట్టుగా పట్టుకుంది. వదల్లేదు.

తమాటి గునపంతో ఎత్తుతున్నాడు. విఠల్ నీళ్ళలో తల ముంచి కడ్డీని తడుముతున్నాడు. మూడుసార్లు జారిపోయింది. నాలుగోసారి రాయి కదిలి, ముఖం అతని రెండు చేతుల్లోకి వచ్చేసింది. పసిబిడ్డని ఎత్తుకున్నంత దగ్గరగా ఎత్తుకున్నాడు.

రంగు పూర్తిగా పోయింది. కిరీటం లేదు, తొండం సగమే ఉంది. నుదుటి నిండా చిన్న చిన్న గవ్వలు అతుక్కుని ఉన్నాయి, చెవి అంచున పచ్చటి నాచు. చెవి గూట్లోంచి గోరంత పీత ఒకటి బయటికొచ్చి చూసి మళ్ళీ లోపలికి పోయింది. కళ్ళు గీసిన చోట ఏమీ లేదు. అయినా చూస్తున్నట్టే ఉంది. హాల్లో పది రోజులు రంగుల లైట్ల మధ్య తను పనుల హడావుడిలో ఒక్కసారైనా ఈ ముఖం వంక సరిగ్గా చూశానా అని విఠల్‌కి అప్పుడనిపించింది.

అతను పక్కవాళ్ళకి అందించాడు. వాళ్ళు ఆ పక్కవాళ్ళకి. నలభై జతల చేతుల మీదుగా ఆ ముఖం ఒడ్డుకి వెళ్ళింది. అందుకున్న ప్రతి మనిషీ ఒక్క క్షణం దాన్ని చూసి, అప్పుడు అందించాడు. ఎండ వాళ్ళ తడి ఒళ్ళ మీద పడుతోంది. ఆ వరసలో ఎవరు ఆడో ఎవరు మగో, ఎవరికి ఏ మచ్చ ఉందో విఠల్‌కి కనిపించలేదు. మనుషులు కనిపించారు. అంతే.

చివర నోలీన్ అందుకుని దుప్పటి మీద, మెడ దగ్గర, సరిగ్గా ఆనించి పెట్టింది.

వేదవతి పసుపు తీసి నుదుటి మీద గవ్వలకి రాసింది. కళ్ళు మూసుకుని తనలో తను ఏదో చదువుకుంది. అయ్యాక తమాటి "నేనూ మా భాషలో చెప్పొచ్చా?" అని అడిగి, మావోరీలో మెల్లగా ఒక ప్రార్థన చెప్పాడు. అది పూర్తయ్యేదాకా వేదవతి చేతులు జోడించే ఉంది.

"ఇప్పుడు ఆయన్ని ఏం చెయ్యాలి?" అంది నోలీన్ ఆందోళనగా. "మళ్ళీ అతికించాలా?"

విఠల్ అడిగాడు. వేదవతి తల అడ్డంగా ఊపింది. "లేదమ్మా. నిమజ్జనం రోజే ఉద్వాసన చెప్పినాము. స్వామి ఆ పొద్దే ఎళ్ళిపోయినాడు. ఇది ఆయన ఇడిచిపెట్టిన బట్ట."

ఇంగ్లీషులో చెప్పేటప్పుడు 'బట్ట' దగ్గర విఠల్ కొంచెం తడబడ్డాడు. నోలీన్ విని, అటూ ఇటూ చూసి, పకపకా నవ్వింది. తమాటి నవ్వాడు. అందరూ నవ్వారు. వేదవతికి ఎందుకో కాసేపటికి అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వింది.

ముక్కలన్నీ పట్టుచీరలో మూటకడుతుంటే రైతు విఠల్ పక్కన నిలబడి తన సంగతి చెప్పాడు. ఐదేళ్ళ కింద వీళ్ళని ఈ బీచ్ నుంచి పంపెయ్యాలని సంతకాలు సేకరించింది ఆయనేనట.

"వీళ్ళు నాతో ఒక్కసారీ వాదించలేదు. ఆ వేసవిలో ఒక శనివారం వచ్చి, తమ కొసే కాదు, బీచ్ మొత్తం శుభ్రం చేశారు. కార్ పార్కూ, టాయిలెట్లూ కూడా. నేను కొండ మీది నుంచి బైనాక్యులర్స్‌తో చూశాను, ఏదైనా తప్పు పట్టుకుందామని." ఆయన గడ్డం గోక్కున్నాడు. "సాయంత్రం దాకా చూశాను. ఏమీ దొరకలేదు. రెండో ఏడు ట్రెయిలర్ తెచ్చాను. ఇప్పుడు ఊళ్ళో కిరాణా కొట్టు అతను వీళ్ళందరికీ తినడానికి వేడి వేడి మాంసం పైలు పంపిస్తాడు."

బయల్దేరే ముందు వేదవతి నోలీన్ దగ్గరికెళ్ళింది. విఠల్‌ని పిలవలేదు. తనకొచ్చిన కాస్త ఇంగ్లీషుతోనే, ఆ గీత వైపు చూపించి, "ఆపరేషన్?" అంది.

"తొమ్మిదేళ్ళయింది."

"పెయిన్?"

"ఇప్పుడు లేదు, డియర్."

వేదవతి ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.

తిరుగు దారిలో పొలాలు సగం దాటాక వేదవతి నోరు విప్పింది. విఠల్ వైపు చూడకుండానే చెప్పింది.

"మా చెల్లెలు పుష్పలతకి రొమ్ములో గడ్డొచ్చింది నాయనా. రెండేండ్లు ఎవరికీ చెప్పలేదు. నాకు గూడా. కర్నూల్లో ఉండేది మగ డాక్టరు. ఆయన ముందు రవిక ఇప్పాల్సి వస్తాదని. చెప్పేపాటికి ఒళ్ళంతా పాకింది. ముప్పై తొమ్మిదేండ్లకే పోయింది." కొంగు సర్దుకుంది. "ఆ యమ్మ అట్ల ఎండలో నిలబడి నాతో మాట్లాడతాంటే నాకు సిగ్గు గాలేదు. మా పుష్ప అట్ల నిలబడి ఉంటే చాలు గదా అనిపించింది."

విఠల్ బండి నెమ్మదిగా నడిపాడు.

ముక్కల్ని ఇంటి పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టారు. ఆ వారం సంఘం మీటింగ్‌లో విఠల్ జరిగిందంతా చెప్పాడు. జనార్ధనరావు కుర్చీలో కదిలి, "సరే, అయిందేదో అయింది, ఈ సంగతి ఇంతటితో వదిలేద్దాం," అన్నాడు.

ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే వేదవతి లేచి నిలబడింది. "ఎట్ల వదిలేస్తారు సార్? మనం పారేసిన దేవుణ్ణి వాళ్ళు ఏరి పేర్చినారు. నేను జూసినాను. వచ్చే ఏడు ఇక్కడి మట్టితోనే చిన్న బొమ్మ చేసుకుందాం, బకెట్లో కలుపుదాం. ఫిబ్రవరిలో వాళ్ళు మళ్ళీ క్లీనప్ చేస్తారంట. నేను పోతాండా. వచ్చేవాళ్ళు రండి."

ఫిబ్రవరిలో పదకొండు కుటుంబాలు వెళ్ళాయి. పిల్లలతో, టోపీలతో, పులిహోర డబ్బాలతో దక్షిణం కొసలో మొదలుపెట్టారు. ఉత్తరం కొస నుంచి క్లబ్ వాళ్ళు ఏరుకుంటూ వస్తున్నారు. ఎవరి వైపు వాళ్ళది అని ముందే అనుకున్నారు, ఎవరికీ ఇబ్బంది లేకుండా. జనార్ధనరావు కూడా వచ్చాడు. అందరూ వెళుతుంటే ప్రెసిడెంట్ రాకపోతే బాగుండదని వచ్చానని విఠల్‌తో రెండుసార్లు చెప్పాడు. కొత్త గ్లోవ్స్ వేసుకుని, ఉత్తరం వైపు వీపు పెట్టి పని చేశాడు.

మధ్యాహ్నానికి రెండు వరసల మధ్య దూరం వంద గజాలకొచ్చింది. ఆ మధ్యలో, ఇసుకలో సగం కూరుకుపోయిన పెద్ద ట్రాక్టర్ టైరు ఉంది. జనార్ధనరావు ఒక్కడే దాన్ని తవ్వి లేపబోయాడు. లేవలేదు. రెండోసారి పట్టు పట్టినప్పుడు అటు అంచు తేలిగ్గా పైకి లేచింది. తలెత్తి చూశాడు. అవతల నోలీన్.

విఠల్ చూస్తూ నిలబడ్డాడు. జనార్ధనరావు ముఖం ఎర్రబడింది. టైరు వంక చూశాడు, సముద్రం వంక చూశాడు, మళ్ళీ ఆవిడ ముఖం వంక చూశాడు. ఆవిడ ఏదో అడిగింది. ఆయన ఏదో చెప్పాడు. ఇద్దరూ కలిసి టైరుని నిలబెట్టి దొర్లించుకుంటూ ట్రెయిలర్ వైపు బయల్దేరారు.

దగ్గరికొచ్చేసరికి మాటలు వినిపించాయి.

"నాకూ బీపీయేనండీ," అంటున్నాడు జనార్ధనరావు ఇంగ్లీషులో, చాలా సీరియస్‌గా. "ఉప్పు తగ్గించమన్నారు. మా ఇంట్లో ఆవకాయ ఉండగా అది అయ్యే పనేనా?"

"ఆవకాయ అంటే ఏమిటి?" అంది నోలీన్.

ఆయన టైరు వదలకుండానే, ఒక చేత్తో గాల్లో మామిడికాయ ఆకారం చూపిస్తూ, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.